కొనే ముందు ఇంట్లో ఉన్నదేమిటో అడుగుదాం

సెలవు మీద ఇంటికి పోయేటప్పుడు మన పెట్టెల్లో ఏముండేది? ఒకప్పుడు టేప్‌రికార్డరు, సెంటు సీసాలు, మెత్తటి దుప్పట్లు. ఆ తర్వాత సెల్‌ఫోన్లు. ఇప్పుడు ఇంటర్, పాలిటెక్నిక్, బీటెక్ చదివే పిల్లలు ఫోన్ చేసి అడుగుతున్నది గేమింగ్ కంప్యూటర్. అదీ షాపులో తయారుగా దొరికేది కాదు. ప్రాసెసర్, బోర్డు, గ్రాఫిక్స్ కార్డు విడివిడిగా కొనుక్కుని సొంతంగా బిగించుకునేది. "దుబాయ్‌లో చవకంట కదా నాన్నా, వచ్చేటప్పుడు తీసుకురా" అంటారు. మనం కాదనలేం. ఏళ్ళ తరబడి దూరంగా ఉన్నందుకు ఆ మాత్రమైనా చేయాలనిపిస్తుంది. తీసుకుపోవడం తప్పని మేము అనడం లేదు. తీసుకుపోయే పద్ధతి మీదే మా అభ్యంతరం.

2024 వేసవిలో మా రూములో ఉండే మెట్‌పల్లి అన్న సెలవుకు తయారయ్యాడు. షట్టరింగ్ కార్పెంటర్ ఆయన. కొడుకు డిగ్రీలో ఉన్నాడు. అప్పటికే ఆ అబ్బాయి సికింద్రాబాద్ వెళ్ళి, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక బోర్డు, క్యాబినెట్, పవర్ సప్లయ్ కొని తెచ్చి పెట్టుకున్నాడు. తండ్రిని అడిగినవి రెండే. రైజెన్ 5 ప్రాసెసర్, పదహారు జీబీ ర్యామ్. "గ్రాఫిక్స్ కార్డు స్నేహితుడి దగ్గర పాతది ఉంది, కొత్తది మెల్లగా చూసుకుంటా" అన్నాడు.

అన్నకు అది నచ్చలేదు. ఉన్నది ఒక్కడే కొడుకు, వాడు పాత కార్డు పెట్టుకోవడమేంటి? చెప్పకుండా పెద్ద కార్డు తీసుకుపోయి వాణ్ణి సంతోషపెట్టాలనుకున్నాడు. సెలవు రోజు సాయంత్రం బర్ దుబాయ్‌లో ఖాలిద్ బిన్ అల్ వలీద్ రోడ్డుకు పోయాం. కంప్యూటర్ స్ట్రీట్ అంటారే, అదే. మేమూ వెంట ఉన్నాం. "తమ్మీ, నువ్వు చదువుకున్నోడివి, చూసి చెప్పు" అని డబ్బాలు మా చేతికిచ్చాడు. రైజెన్ 5 అడిగాం, రైజెన్ 5 7600 ఇచ్చారు. దానికి తగ్గ ర్యామ్ అని డీడీఆర్ 5 ఇచ్చారు. మూడు ఫ్యాన్ల ఆర్‌టీఎక్స్ 4070 కార్డు ఆయనే ఇష్టపడి తీసుకున్నాడు. దాదాపు రెండు నెలల జీతం అయిపోయింది. షాపువాడు అబద్ధం చెప్పలేదు. అన్నీ అసలు సరుకే. అన్నీ బాగానే ఉన్నాయని మేమూ చెప్పాం.

ఇంటికి చేరిన మర్నాడే ఫోన్ వచ్చింది. "తమ్మీ, ప్రాసెసర్‌కు కాళ్ళే లేవంటుండు పోరడు. ఇది ఆ బోర్డుల కూసోదట."

నిజమే. ఆ అబ్బాయి కొన్నది బీ 550 బోర్డు. దాని సాకెట్ ఏఎం 4. ఆ సాకెట్‌లో కూర్చునే ప్రాసెసర్‌కు కింద సన్నటి పిన్నులు ఉంటాయి. 2022లో వచ్చిన ఏఎం 5 సాకెట్‌లో పిన్నులు బోర్డు మీదే ఉంటాయి, ప్రాసెసర్ కింద బంగారు రంగు చుక్కలు మాత్రమే కనిపిస్తాయి. రైజెన్ 5 5600 పాత సాకెట్‌ది, రైజెన్ 5 7600 కొత్త సాకెట్‌ది. పేరు ఒకటే, పునాది వేరు. ర్యామ్ కూడా అంతే. డీడీఆర్ 5 పట్టీ డీడీఆర్ 4 గాడిలో దిగదు, మధ్యలో ఉండే గాటు చోటు మారిపోయింది. ఇక గ్రాఫిక్స్ కార్డు క్యాబినెట్ కంటే పొడుగు. కొడుకు కొన్న పవర్ సప్లయ్ 450 వాట్లు, ఈ కార్డుకు కంపెనీ చెప్పేది 650.

చివరికి ఏం చేశారంటే, తండ్రి తెచ్చినవి ఖరీదైనవి కాబట్టి వాటిని ఉంచుకుని, కొడుకు కొన్న మూడింటినీ పక్కన పెట్టారు. కొత్త బోర్డు, కొత్త క్యాబినెట్, కొత్త పవర్ సప్లయ్ కొన్నారు. పాతవి సగం ధరకు కూడా పోలేదు. ఆ మూడూ తల్లి బీడీలు చుట్టి కూడబెట్టిన పైసలతో కొన్నవి! సెలవులో వారం రోజులు సికింద్రాబాద్ షాపుల చుట్టూ తిరగడానికే సరిపోయింది. ఇంతా చేస్తే ఇంట్లో ఉన్న మానిటర్ పాతది, సెకనుకు అరవై బొమ్మలకు మించి చూపించలేదు. అంత పెద్ద కార్డు పెట్టినా తెర మీద ఆ అబ్బాయికి తేడా పెద్దగా తెలియలేదు. వాడు తండ్రిని ఏమీ అనలేదట. "ఒక్కసారి అడిగితే బోర్డు పేరు చెప్పేటోణ్ణి కదా నాన్నా" అన్నాడట, అంతే.

ఆ మాట అన్నకు కాదు, మాకు తగిలింది. మెటీరియల్ అప్రూవల్ లేకుండా సైటులోకి ఒక్క బస్తా దింపనివ్వని వాళ్ళం మేము. 16 ఎంఎం కప్లర్‌లో 20 ఎంఎం రాడ్ ఎక్కదని కొత్తగా వచ్చిన హెల్పర్‌కు కూడా చెబుతాం. రాడ్ మంచిదే, కప్లర్ మంచిదే, రెండూ కలవకపోతే రెండూ స్క్రాపే. సివిల్ డిప్లొమా చదివి, రోజూ డ్రాయింగులు చూసే మేము ఆ సాయంత్రం డబ్బా మీద బొమ్మ చూసి సరే అన్నాం. డ్రాయింగ్ మెట్‌పల్లిలో ఉంది, కొనుగోలు దుబాయ్‌లో జరిగింది. మధ్యలో ఒక్క ఫోన్ కాల్ లేదు.

కాబట్టి మేము చెప్పేది ఇది. వస్తువు ఎంత ఖరీదైనది అన్నది తర్వాత, దేనితో పొత్తు కుదరాలి అన్నది ముందు. కాలికి తగ్గ చెప్పు కొంటాం గానీ చెప్పు కోసం కాలు కోసుకోం కదా!

మొదట పిల్లవాణ్ణి అడగాల్సింది ఏ ఆటలు ఆడతాడు, ఏ మానిటర్ ఉంది అని. 1920 బై 1080 తెర మీద వాలరెంట్ లాంటి ఆటలకు పెద్ద కార్డు అవసరమే లేదు. తర్వాత బోర్డు పూర్తి పేరు రాయించుకోవాలి. ఇంటెల్ అయినా ఇదే కథ. 12, 13, 14 తరాల ప్రాసెసర్లు ఎల్‌జీఏ 1700 సాకెట్‌లో కూర్చుంటాయి. 2024 అక్టోబర్‌లో వచ్చిన కోర్ అల్ట్రా 200 ప్రాసెసర్ల సాకెట్ వేరు. ఎల్‌జీఏ 1700 బోర్డుల్లో కూడా కొన్ని డీడీఆర్ 4వి, కొన్ని డీడీఆర్ 5వి. ఏ బోర్డుకు ఏ ప్రాసెసర్ పడుతుందో, ఏ బయాస్ వెర్షన్ ఉండాలో బోర్డు కంపెనీ వెబ్‌సైట్‌లోనే పట్టిక ఉంటుంది. సాకెట్ కుదిరినా బయాస్ పాతదైతే కంప్యూటర్ లేవదు.

క్యాబినెట్‌లో కార్డుకు ఎన్ని మిల్లీమీటర్ల చోటుంది, కూలర్‌కు ఎంత ఎత్తుంది అన్నది టేపు పెట్టి కొలిపించుకోవాలి. పవర్ సప్లయ్ విషయంలో ఎంత చెట్టుకు అంత గాలి. ఒక్క 4070 కార్డే 200 వాట్ల దాకా లాగుతుంది. దాని మీద ప్రాసెసర్, మిగతావి. పేరులేని సరుకు మీద అచ్చేసిన వాట్లను నమ్మడానికి లేదు. కార్డు తర్వాత కొంటామంటే ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉన్నది చూడాలి. రైజెన్ 5 5600లో అది లేదు, 5600జీలో ఉంది. ఇంటెల్‌లో నంబరు చివర ఎఫ్ ఉంటే లేనట్టే.

ఇక చవక సంగతి. పెట్టెలో మోసుకుపోయిన పార్టు చెడిపోతే దుబాయ్ షాపు బిల్లుతో జగిత్యాలలో ఎవరు మారుస్తారు? చాలా పార్టులకు వారంటీ కొన్న దేశానికే పరిమితం. కస్టమ్స్ లెక్క వేరే. పైగా 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి, ఒక్క తప్పు పట్టీ కొన్నా దెబ్బ గట్టిగానే తగులుతుంది. అందుకే పార్టుల పట్టిక పిల్లవాడే రాయాలి, వీలైనన్ని అక్కడే ఒకే షాపులో కొనాలి, మనం డబ్బు పంపాలి అన్నది మా అభిప్రాయం. ఇక్కడ నిజంగా బాగా తక్కువకు దొరికేది ఒకటో రెండో ఉంటే, మోడల్ నంబరు ఫోటో పంపి, అవునన్నాకే బిల్లు కట్టాలి.

కూలి చేసే మనకు ఆటల కంప్యూటరెందుకు అనే పెద్దలున్నారు. ఆ కోపం మాకు అర్థమవుతుంది. అయితే ఆటలాడే కంప్యూటర్ మీదే ఆటోక్యాడ్, రెవిట్ కూడా నడుస్తాయి. పైగా తనకు కావలసిన పార్టులు ఏవి దేనికి కుదురుతాయో చదివి, లెక్క వేసి, పట్టిక రాసిన పిల్లవాడు అప్పటికే ఒక పని నేర్చుకున్నాడు. ఆ పని వాడి చేతిలోంచి మనం లాక్కోకూడదు.

ఇక్కడి మూడు చదరపు కాళ్ళ ప్లగ్గు మన ఊరి సాకెట్‌లో దూరదు. కరెంటు మాత్రం రెండు చోట్లా దాదాపు ఒకటే, తీగ మారిస్తే సరిపోతుంది. అదొక్కటే వంద రూపాయలతో తీరే తేడా. మిగతా వాటికి ముందే అడగాలి. మెట్‌పల్లి అన్న ఈసారి సెలవుకు పోతున్నాడు. కూతురికి కుట్టుమిషన్‌కు మోటారు కావాలట. నిన్న రాత్రి వీడియో కాల్‌లో మిషన్ నాలుగు పక్కలా చూపించుకుని, నంబరు మా చేత కాగితం మీద రాయించుకున్నాడు.