మాయ మాకివ్వరా?

కాన్పయిందా, మాయ పడిందా? పాతకాలంలో పురిటింటి గుమ్మం ముందు నిలబడి అడిగే మాటలు ఈ రెండే. ఆడా మగా అన్నది ఆ తర్వాతి సంగతి. మాయ పూర్తిగా పడితేనే తల్లి గట్టెక్కినట్టు లెక్క. ఇప్పుడు కాన్పులన్నీ దాదాపుగా ఆసుపత్రుల్లోనే. 2005-06లో దేశం మొత్తం మీద నూటికి 39 మంది దాకా ఆసుపత్రిలో ప్రసవిస్తే, 2019-21 నాటి కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆ సంఖ్య 89 దగ్గరికి వచ్చింది. తల్లీబిడ్డల ప్రాణాలు నిలిచాయి, సంతోషమే. కానీ ఆ మాయ ఏమైందని అడిగితే జవాబు చెప్పేవారు మాత్రం లేరు.

సరిహద్దు పల్లెకు చెందిన ఒక పెద్దావిడ మనవరాలి పురుటికి వెళ్తూ సంచిలో మూత గట్టి స్టీలు డబ్బా, గుప్పెడు ఉప్పు, పసుపు పెట్టుకుంది. మాయ ఇప్పించమ్మా అని నర్సును అడిగితే 'రూలు లేదు' అన్నది. వెనకగేటు దగ్గర ఆయా మాత్రం వేలు చూపించి అయిదొందలు అడిగింది. డబ్బులిచ్చాక నల్ల క్యారీబ్యాగులో కట్టి చేతిలో పెట్టింది. అది ఆ పిల్లదేనా, పక్క మంచం మీది తల్లిదా? అడిగే ధైర్యం ఆమెకు లేకపోయింది. ఇలాంటి మాటలు ఒకచోట కాదు, అటు ఒడిశా సరిహద్దు నుంచి ఇటు కర్ణాటక, తమిళనాడు దాకా వింటూనే ఉన్నాం.

ఇంతకీ ఎందుకంత పట్టుదల? మనవాళ్లు మాయను పెరట్లో గొయ్యి తీసి, ఉప్పు పసుపు వేసి పూడ్చి, కుక్కలు తవ్వకుండా పైన బండరాయి పెడతారు. కొన్ని ఇళ్లలో బాలింతకు నీళ్లు పోసేది కూడా ఆ చోటనే. కన్నడిగులు దీన్ని మాసు అంటారు, తమిళులు నంజుక్కొడి అంటారు, ఒడియావాళ్లు పువ్వుతో పోల్చి గర్భఫుల అంటారు. పేర్లు వేరయినా మర్యాద ఒక్కటే. తరతరాలుగా ఇక్కడే పుట్టి పెరిగినా 'మీరు ఆంధ్రావాళ్లా' అనిపించుకునే మనబోటివాళ్లకు ఇంకో సంగతి కూడా ఉంది. మా తాత మాయ, మా నాన్న మాయ ఈ మట్టిలోనే ఉన్నాయని చెప్పుకోవడానికి పట్టా కాగితం అక్కర్లేదు. న్యూజిలాండ్ మావోరీల భాషలో నేలకూ మాయకూ ఒకటే మాట, 'ఫెనువా'. అక్కడి ఆసుపత్రుల్లో అడిగిన తల్లికి మాయ ఇచ్చి పంపడం మామూలు విషయం.

మరి మన చట్టం ఏమంటుంది? 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనల కింద మనిషి శరీర భాగాలు, కణజాలం పసుపు సంచిలో వేయాలి. మాయనూ ఆసుపత్రులు అందులోనే లెక్కేస్తాయి. 48 గంటలకు మించి ఊరికే ఉంచకూడదు. కాల్చెయ్యాలి. ఆ వసతి అందని మారుమూల పల్లెల్లో అయితే రెండు మీటర్ల గొయ్యి తీసి, సున్నం వేసి, జంతువులు తవ్వకుండా పూడ్చాలి. చూశారా, ముసలమ్మ చేసేదీ చట్టం చెప్పేదీ దగ్గర దగ్గరగా ఒకటే. ఆమె ఉప్పు వేస్తుంది, చట్టం సున్నం వేయమంటుంది. గొయ్యి లోతులోనే తేడా.

ఆసుపత్రివారి భయమూ ఉత్తుత్తిది కాదు. అరకిలో బరువుండే ఆ మాయ నిండా రక్తమే. తల్లికి హెపటైటిస్-బి, హెచ్ఐవి లాంటివి ఉంటే ముట్టుకున్నవాళ్లకు ప్రమాదం. మాయ ముక్క లోపల మిగిలితే రక్తస్రావంతో తల్లి ప్రాణం మీదికొస్తుంది కాబట్టి డాక్టరో నర్సో దాన్ని తిప్పి తిప్పి చూడాల్సిందే. అవసరమైతే పరీక్షకు పంపాలి. ఇవన్నీ అయ్యాకనే ఎవరైనా అడగాలి. మాయ కోసమని ఇంట్లోనే కాన్పు చేయించుకుంటామనేవాళ్లు ఎక్కడైనా ఉంటే, వాళ్లతో మేము ఏకీభవించం.

కానీ భయం ఉంటే దారి చూపాలి గానీ తలుపు మూయడమేమిటి? అమెరికాలో హవాయి 2006లో, ఓరెగాన్ 2014 నుంచి, టెక్సస్ 2016 నుంచి తల్లి అడిగితే మాయ ఇచ్చేందుకు చట్టం చేసుకున్నాయి. హవాయి, టెక్సస్‌లలో అంటురోగం లేదని తేలాకనే ఇస్తారు. మన దగ్గర గర్భిణికి ఆ రక్తపరీక్షలు ఎలాగూ చేస్తూనే ఉన్నారు. ఫలితం బాగుంటే కారని డబ్బాలో పెట్టి, తల్లి పేరు రాసి, సంతకం తీసుకుని ఇవ్వొచ్చు. బావికి దూరంగా, లోతుగా పూడ్చమని చెప్పొచ్చు. ఫలితం బాగాలేకపోతే ఇవ్వలేమని తల్లిని పక్కకు పిలిచి చెప్పాలి, వార్డంతా వినేలా కాదు. కేంద్రం ఆ మేరకు నిబంధన స్పష్టం చేయాలి. రాష్ట్రాల ఆరోగ్యశాఖలు తమ ఆసుపత్రులకు రాతపూర్వకంగా పంపాలి. ఆ సంతకం కాగితం సరిహద్దు ఆసుపత్రుల్లో తెలుగులో కూడా ఉండాలి. చదవలేని కాగితం మీద వేలిముద్ర వేయించుకుని 'ఒప్పుకున్నారు' అనడం న్యాయం కాదు. అన్నిటికన్నా ముందు వెనకగేటు బేరం ఆగాలి. అధికారికంగా ఇవ్వనిది అయిదొందలకు దొరుకుతున్నదంటే అక్కడ అంటురోగం భయమూ లేదు, చట్టం భయమూ లేదు.

ఇదంతా జరిగేదాకా పెద్దమ్మలకు ఒక మాట. బిడ్డ బొడ్డు వారం పది రోజుల్లో, ఒక్కోసారి రెండు వారాలకు, ఇంట్లోనే ఎండి రాలుతుంది. దాన్ని తాయెత్తులో పెట్టుకున్నా, పెరట్లో పూడ్చినా ఏ నర్సూ అడ్డురాదు. రాలేదాకా మాత్రం దానికి బూడిద, పేడ, పసుపు ఏదీ పెట్టొద్దు. పొడిగా వదిలెయ్యండి. చీము కనబడినా, చుట్టూ ఎర్రబడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.