శపించే హక్కు

కీర్తనల గ్రంథం ప్రస్తావన వచ్చినప్పుడల్లా సాహితీమిత్రులు కొందరు ఒక మాట అంటూంటారు. "కాపరి కీర్తన ఎంత మధురం! కానీ దుర్మార్గుల పళ్ళు రాలగొట్టమని దేవుణ్ణి వేడుకోవడం కూడా కవిత్వమేనా?" రోమను కతోలిక సభకూ ఇదే ఇబ్బంది కలిగినట్టుంది. 1970లో ఆరవ పాల్ పోపు ఆమోదించిన దైనందిన ప్రార్థనా గ్రంథంలో 58, 83, 109 కీర్తనలను పూర్తిగా విడిచిపెట్టారు.

ఈ మర్యాదతోనే నాకు పేచీ. నాకు ఆ మత విశ్వాసం లేదు. అయినా 58వ కీర్తన ఎవరిని నిలదీస్తున్నదో చూడండి. అది నిలదీసేది అన్యాయపు తీర్పరులను. తీర్పు చెప్పవలసినవాడే తప్పినప్పుడు పై న్యాయస్థానానికి పెట్టుకున్న అర్జీ అది.

విజయవాడ నుంచి చెన్నై వైపు వెళ్ళే రైలు తెనాలి దాటాక చుండూరు వస్తుంది. కృష్ణా కాలువలు పారే పచ్చని డెల్టా అది. 1991 ఆగస్టు 6న ఆ ఊళ్ళో అగ్రకులాలవారు దళితులను పొలాల్లో వెంటాడి, ఎనిమిది మందిని చంపారు. కొన్ని శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో, తుంగభద్ర డ్రెయినులో పారవేశారు. ఊళ్ళ దగ్గర మాటువేసి నిరపరాధులను చంపుతూ, దేవుడు చూడడులే అనుకునేవాడు పదవ కీర్తనలో కనిపిస్తాడు. డెల్టా పల్లెల దళితవాడల్లో అది చదివేవారికి వ్యాఖ్యానం అక్కరలేదు.

ఆ ఊళ్ళోనే ఏర్పాటైన ప్రత్యేక న్యాయస్థానం 2007 జులై 31న, అంటే పదహారేళ్ళకు, తీర్పు చెప్పింది. 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది జైలు పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలన్నిటినీ కొట్టివేసింది. ఎనిమిది మంది చనిపోయారన్నది మాత్రం ఏ కోర్టూ కొట్టివేయలేని నిజం. హతులను ఊరి నడుమ పాతిపెట్టిన చోటును రక్తక్షేత్రం అంటారు. హేబెలు రక్తం నేలలోనుంచి మొరపెట్టిందన్న ఆదికాండపు మాటకు అంతకన్న దగ్గరి చోటు నాకు తెలియదు.

"శాపం హింసను రేపదా?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 137వ కీర్తన చివర పసిబిడ్డలను గురించిన మాట నన్నూ వణికిస్తుంది, దాన్ని సమర్థించను. బలవంతుడు పలికితే ఇదే శాపం బెదిరింపు అవుతుందనీ ఒప్పుకుంటాను. కానీ బలహీనుడు పలికినప్పుడు జరిగేది వేరు. అతడు కత్తి పట్టడం లేదు, పగను తనకన్న పెద్దవాడి చేతిలో పెడుతున్నాడు. పగ తీర్చుకోవడం దేవుని పని అని ద్వితీయోపదేశకాండం చెప్పింది ఇందుకే. దుఃఖాన్నీ కోపాన్నీ దాచుకోకుండా పలికి, చేతిని మాత్రం ఆపుకోవడానికి ఎంత నిగ్రహం కావాలి!

మనకిది కొత్తా? చెరసాలలో రామదాసు రాముణ్ణి నిష్ఠురాలాడితే భక్తి అన్నాం. గుడి తలుపు మూసిన దేవుడికి జాషువా గబ్బిలంతో మొర పంపితే మహాకావ్యం అన్నాం. ఇక్కడికి వచ్చేసరికి మాత్రం సభ్యత గుర్తుకొస్తుందా?

తలుపు తట్టగానే న్యాయం పలికే ఇంట పుట్టినవాడికి ఈ కీర్తనలు అక్కరలేకపోవచ్చు. తనకు అక్కరలేదని ఇతరుల ప్రార్థనలోనుంచి వాటిని చింపే అధికారం అతనికెవరిచ్చారు? ముందు చుండూరుకు న్యాయం జరగనివ్వండి. శాంతి కీర్తనల మాట ఆ తరువాత మాట్లాడుకుందాం.