మతాంతర వివాహము – వాదమర్యాద

మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమలో మతాంతర వివాహపు ప్రసక్తి వచ్చినతోడనే ఒక రాజకీయపక్షమువారు “మతము చెడినది” అందురు. రెండవ పక్షమువారు వారిని మూఢులనుచు త్రోసివేయుదురు. తిట్టు వాదము కానేరదు.

1872 నాటి చట్టముక్రింద హిందూ మహమ్మదీయ వధూవరులు పెండ్లాడవలెనన్న తమ మతములనే కాదనవలసియుండెను. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టము ఆ నిర్బంధమును తొలగించెను. ఇఁక మతము చెడుటెక్కడ? 30 దినముల ప్రకటనకాలమున ఎవరైనను ఆక్షేపింపవచ్చును; కాని అందులకు జీవించియున్న భార్యయో భర్తయో, చాలని వయస్సో, మతిస్థిమితలోపమో, నిషిద్ధ బంధుత్వమో కారణము కావలెను. మతభేదము కారణము కాదు.

సంస్కర్తలారా! మీరును వినుఁడు. పరుల విశ్వాసమును పరిహసించువాఁడు మతస్వాతంత్ర్యమును రక్షింపలేఁడు. దివ్యజ్ఞాన సమాజనాయకురాలు అనిబీసెంటు 1915లో కళాశాల నెలకొల్పిన మదనపల్లెకు సర్వమతగౌరవము క్రొత్త కాదు. తలిదండ్రుల దుఃఖమును విందము; నిర్ణయమును వధూవరులకే విడుతము.