నాలుగు దెబ్బల నడక

కడప జిల్లా ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చేరే పిల్లల్లో ఎక్కువమంది పల్లె బడుల్లో పదో తరగతి ముగించినవారే. వారిలో ఎవరైనా కీబోర్డు మీద ఇష్టంతో పాశ్చాత్య స్వరలిపి పుస్తకం తెరిస్తే, మొదటి వరసలోనే ఇంగ్లిష్ ‘సి’ని పోలిన గుర్తు కనిపిస్తుంది. ‘కామన్ టైమ్’ కాబట్టి ‘సి’ అని చాలామంది అనుకుంటారు. నిజానికది ఒక పక్క తెరిచి వదిలేసిన వలయం. మధ్యయుగపు ఐరోపా సంగీతజ్ఞులు మూడింటి లెక్కను పరిపూర్ణమని నమ్మి నిండు వలయం గీశారు. రెండింటి లెక్కకు ఈ తెగిన వలయం మిగిలింది. అసంపూర్ణమన్న ఆ గుర్తే ఇవాళ లోకంలో ఎక్కువ పాటలను నడిపిస్తోంది. మన సినిమా పాటల్లోనూ చాలావాటిది అదే నడక.

ఈ గుర్తు చెప్పే లెక్క మనకు కొత్తదేమీ కాదు. నిలువు గీతల నడుమ ఒక్కో గడిలో నాలుగు దెబ్బలు. రెండు గడులు కలిస్తే ఆదితాళపు ఎనిమిది అక్షరాలు. సరళీ స్వరాలు పాడిన పిల్లకు ఇది ఒంటబట్టిన సంగతే. తేడా అంతా బరువులో ఉంది. కామన్ టైమ్‌లో మొదటి దెబ్బ గట్టిది, మూడోది అంతకు కొంచెం తక్కువ, రెండూ నాలుగూ తేలిక. రాక్ సంగీతపు డ్రమ్ములు ఆ తేలిక దెబ్బలనే పట్టి గట్టిగా మోగిస్తాయి. ఆ ఊపంతా అక్కడిదే. ఆదితాళంలో తట్టు, మూడు వేళ్ల లెక్కింపు, ఆపై రెండుసార్లు తట్టూ తిప్పూ మనం ఎక్కడున్నామో చెబుతాయి. ఎక్కడ ఒత్తి పలకాలో సాహిత్యమూ సంగతులూ చూసుకుంటాయి. తాళం మొదలై అర అక్షరం గడిచాక పాట అందుకున్నా తప్పులేదు.

కడప జిల్లాకు ఈ రెండు నడకలూ పాత పరిచయమే. లండన్ మిషనరీ సొసైటీ 1822లో కడపలో పని ప్రారంభించింది. తర్వాత జమ్మలమడుగు దాని కేంద్రాల్లో ఒకటైంది. తెలుగు చర్చిల్లో నిలిచిన ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ తెరవండి: పాట నెత్తిన రాగం పేరు, తాళం పేరు. పురుషోత్తమ చౌదరి వంటి 19వ శతాబ్ది కవులు తమ భక్తిని మన కీర్తన మట్టులోనే పలికించారు. పరదేశపు బాణీలూ ఆ పక్కనే పాడుకున్నారు.

ఇప్పుడు కీబోర్డు మీద మీట నొక్కితే నాలుగు దెబ్బలూ వాటంతటవే మోగుతాయి. చెయ్యి ఊరకుంటుంది. చెక్కభజన చూస్తూ పెరిగిన సీమ పిల్లల విషయంలో ఇది మరీ బాధాకరం. సంగీతం నేర్పే అయ్యవార్లకు మా మనవి ఒకటే: మొదటి నెల ఆ మీట ముట్టుకోనివ్వకండి, పిల్లల చేత చప్పట్లు కొట్టించండి.