జీను - జాతకం

కిందటేడు మా పెదనాన్న కూతురికి కుదిరినట్టే కుదిరిన సంబంధం తప్పిపోయింది. కట్నం దగ్గర కాదు. మా మామ్మ అంగిట్లో కేన్సరుతో పోయిందని పెళ్లివారికి తెలిసి, "ఆ ఇంట్లో కేన్సరు జీను ఉందట" అన్నారట. మా ఊళ్లో ఆ మాట పుట్టడానికి కారకుణ్ణి నేనే. మొదటి సంవత్సరం సెలవులకు వెళ్లి, కొత్తగా నేర్చిన ఆంకోజీను పాఠం అరుగు మీద కూర్చుని అందరికీ వినిపించాను. చెప్పింది సగమే. మిగతా సగం అప్పటికి నాకూ రాదు.

1911లో పేటన్ రౌస్ అనే శాస్త్రవేత్త, కోడి కంతిని నూరి వడగట్టిన రసంతో మరో కోడికి కంతి పుట్టించానని ప్రకటించాడు. అది వైరసు పని. (ఆయనకు నోబెలు ఇవ్వడానికి 1966 దాకా పట్టింది!) ఆ వైరసులో కేన్సరు తెచ్చే జీను పేరు సార్క్. 1976లో బిషప్, వార్మస్‌ల బృందం వెతికితే, దాని మూలం ఆరోగ్యంగా ఉన్న కోళ్లలోనే దొరికింది. వైరసే ఎప్పుడో కోడి దగ్గర దొంగిలించిందన్నమాట. అటువంటి జీన్లు మనుషులందరిలోనూ ఉన్నాయి. సంబంధం వద్దన్నవారిలోనూ ఉన్నాయి. అవి లేకపోతే పిండం పెరగదు, గాయం మానదు.

మరి చెడేదెక్కడ? రాస్ అనే జీను తయారుచేసే ప్రోటీను చెరువు తూము లాంటిది. పెరగమని కబురొస్తే తెరుచుకోవాలి, పని కాగానే మూసుకోవాలి. 1982లో మూత్రాశయపు కేన్సరు కణాలలో చూస్తే ఆ జీనులో ఒక్క అక్షరం మారి ఉంది. ప్రోటీనులో 12వ స్థానాన గ్లైసీను పోయి వేలీను వచ్చింది. అంతే, తూము మూతపడదు. అయితే అదొక్కటే చాలదు. పెరుగుదలను ఆపే పి53 వంటి జీన్లు కూడా చెడాలి. అందుకు ఏళ్లు పడుతుంది. ఆ తర్వాత కణాలు గట్టు తెంచుకుని, నెత్తుటిలో పడి, ఊపిరితిత్తులకో ఎముకలకో చేరతాయి. ఎక్కువమంది ప్రాణం తీసేది మొదటి కంతి కాదు, ఆ ప్రయాణమే.

మామ్మది అడ్డపొగ. శ్రీకాకుళం, విశాఖ తీరాన ఆడవాళ్లకు పాత అలవాటు, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. నలభై ఏళ్లు ఆ వేడీ, పొగా అంగిలికి తగిలాయి. పొగలోని విషాలు డీఎన్ఏకు అంటుకుని అక్షరాలు మారుస్తాయి. ఆ మార్పు నోటి కణాలది; కడుపున పుట్టినవాళ్లకు పోయేది కాదు. వంశంలో దిగివచ్చే కేన్సర్లు లేవనను, నూటికి 5 నుంచి 10 దాకా ఉంటాయి. కానీ చుట్ట చేసిన పనికి మా అక్కను దోషిని చేయడం ఏం న్యాయం?

నన్నడిగితే అసలు "కేన్సరు జీను" అనే పేరే తప్పు. "పెరుగుదల జీను" అనాలి, మాస్టార్లు మార్కులు తగ్గించినా సరే. పరీక్షలో నిర్వచనం ఇంగ్లీషులో తప్పు లేకుండా రాసే మనం, ఇంటి దగ్గర తెలుగులో నాలుగు వాక్యాలు సరిగ్గా చెప్పలేకపోతున్నాం. ఆ ఫలితం నేను చూశాను.

ఈ సంక్రాంతికి అదే అరుగు మీద మిగతా సగం చెప్పాను. మా పెద్దమ్మ అంతా విని, చుట్ట తిప్పి నోట్లో పెట్టుకుంది. ఆవిడ అంగిలి మీద తెల్లమచ్చ ఉంది. డాక్టరుకు చూపించుకోమని బతిమాలుతున్నాను. కోతలయ్యాక వస్తానంటోంది.