గృహవిజ్ఞానము: పాతకారు ఫ్యూజు మాడినచో



అంబాసిడరు కారుల నిర్మాణము 2014లో నిలిచిపోయినను, మామగారి నాటి బండిని విడువలేక నేటికిని నడుపుకొనుచున్న కుటుంబములు కలవు. ఇంట పురుషులు లేని వేళ, బిడ్డను వైద్యునికడకు గొనిపోవుచుండగా, వానలో వైపరు నిలిచిపోయిన నేమి చేయవలెను? ఇది మగవారి విద్య యని మేము తలపము.

పూర్వపు నమూనా బండ్లలో బానెట్టు క్రింద నొక చిన్న పెట్టెయు, అందు రెండు గాజుగొట్టపు ఫ్యూజులును మాత్రమే యుండును. ఒకదానికి విద్యుత్తు ఎల్లప్పుడు నందుచుండును. హారను, లోపలి దీపము దానివి. రెండవది తాళము త్రిప్పినపుడే పనిచేయును. వైపరు, పెట్రోలు ముల్లు, బ్రేకు దీపములు, మలుపు దీపములు దాని పరివారము. ఏవేవి కలసి నిలిచినవో చూచిన, మాడిన దేదియో తెలియును. వైపరొక్కటే నిలిచిన దోషము ఫ్యూజుది కాదు.

ఒక్కొక్కమారు ఫ్యూజు మాడకయే, దానిని పట్టియుంచు రేకులకు చిలుము పట్టి విద్యుత్తు పారకుండును. చిలుమనగానే మనకు చింతపండు జ్ఞప్తికి వచ్చును గాని, యిచట తడి పనికిరాదు. బ్యాటరీ తీగ నూడదీసి గరుకు కాగితముతో రుద్దవలెను.

మాడినచో అదే అంకె గల క్రొత్తదానిని పెట్టుడు. అదియు వెంటనే మాడిన మూడవది పెట్టరాదు. సిగరెట్టు పెట్టెలోని వెండికాగితము చుట్టి బండి నడిపించు మెకానిక్కులు కలరు. వారికి మా నమస్కారము! ఆ కాగితము సకాలమున కరగదు; దానికి మారుగా తీగపైని తొడుగు కాలును. చెంతనే పెట్రోలు గొట్టము.

ఎప్పుడు మాడినదో గుర్తుంచుకొనుట సగము చికిత్స. బ్రేకు త్రొక్కగనే మాడిన, వెనుక దీపముల తీగ డిక్కీలో సామానుల క్రింద నలిగియుండవచ్చును. స్టీరింగు త్రిప్పినపుడు మాడిన, దాని గొట్టములోని తీగ యొరసికొనుచుండవచ్చును. కారణము తోపనిచో, ఫ్యూజు స్థానమున 12 వోల్టుల, 21 వాట్ల బల్బును రెండు తీగలతో తగిలింపుడు. అది రెండు ఆంపియర్లకు మించి పారనీయదు. తాళము త్రిప్పి, మీటలన్నియు కట్టివేసినను బల్బు నిండుగా వెలిగిన, ఆ ఫ్యూజునుండి పోవు తీగల నొక్కొక్కటిగా నూడదీయుడు. ఏది తీసినపుడు బల్బు ఆరునో, దోషము దానియందే. తీగ రేకు రంధ్రము గుండ పోవుచోట రబ్బరు ఎండి చిట్లును. ముందుగా నచటనే వెదకుడు.

హెడ్‌లైట్లకు సాధారణముగా నీ బండ్లలో ఫ్యూజే లేదు. కావున రాత్రివేళ కాలిన వాసన వచ్చిన బండి నాపి, బిడ్డలను దింపి, బ్యాటరీ తీగ నూడదీయుడు. అందులకు తగిన స్పానరు సీటు క్రింద నుంచుడు. ఫ్యూజు పెట్టెలోనే రెండు అదనపు ఫ్యూజులకు చోటు కలదు. అవి యున్నవో లేవో నేడే చూడుడు.