ప్రేక్షకుని మాట

ఆటను చూచుట ఎంత సహజమో, చూచిన పిదప దానిని గూర్చి నలుగురితో మాటలాడుకొనుటయు అంతే సహజము. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పల్లెలలో తూర్పు భాగోతము జరిగిన మరునాడు రచ్చబండకడ వేరొక ప్రసంగముండదు. సత్యభామ వేషము కట్టినవాని నడక ఎట్లున్నది, మద్దెల దరువునకు అడుగు కలిసినదా, మాట స్పష్టముగా వినబడినదా యని పెద్దలు విచారింతురు. తప్పెటగుళ్ళ బృందము వచ్చినను, జముకుల కథ చెప్పినను ఇదే వరుస. నేడు ఆ వేదిక స్థానమును చాలవరకు టెలివిజను ఆక్రమించినది. రాత్రి చూచిన సీరియలును గూర్చి ఉదయము కుళాయికడను, బస్సులోను, బడి ఆవరణలోను చర్చలు సాగుచునే యున్నవి. కాని ఆ చర్చలలో తరచుగా వినవచ్చునవి రెండే మాటలు: "బాగున్నది", "బాగులేదు". ఈ రెండు మాటలతో ముగిసినది అభిప్రాయము కాదు. ఇష్టానిష్టముల ప్రకటన మాత్రమే. ఏది బాగున్నదో, ఎందుచేత బాగులేదో చెప్పగలిగిననాడే అది అభిప్రాయమను పేరునకు తగును.

"చూచుటయే మన పని, మన మాట ఎవరు విందురు?" అని కొందరందురు. ఈ మాట మన పూర్వులకు సమ్మతము కాదు. భరతముని నాట్యశాస్త్రములోని ఇరువదియేడవ అధ్యాయము ప్రదర్శన సిద్ధిని గూర్చి చెప్పుచు, ప్రేక్షకుని లక్షణములను వివరించినది. పాత్ర సంతోషించినపుడు సంతోషించి, దుఃఖించినపుడు దుఃఖింపగలవాడే మంచి ప్రేక్షకుడట. అంతేకాదు, ప్రదర్శనలోని గుణదోషములను నిర్ణయించుటకు ప్రాశ్నికులను వారుండవలెనని ఆ శాస్త్రము చెప్పుచున్నది. వారందరును నాటక పండితులే కానక్కరలేదు. విలువిద్య తెలిసినవాడు, చిత్రకారుడు, వ్యాకరణవేత్త, గాయకుడు మొదలైనవారు ఎవరికి తెలిసిన విషయమును వారు పరీక్షింతురు. బాణము పట్టిన తీరును విలుకాడు చూచును. పలికిన పలుకును వ్యాకరణవేత్త చూచును.

ఈ నియమము నేటికిని చెల్లును. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని ఏకి సన్నని నూలు వడకు స్త్రీ, టెలివిజనులో రాట్నము త్రిప్పు నటిని చూచినంతనే ఆమె చేతికి ఆ పని తెలియునో తెలియదో చెప్పగలదు. ఒకే పనస దుంగనుండి బొబ్బిలి వీణను మలచు శిల్పి, తెరపై వీణ వాయించువారి వ్రేళ్ళు తంత్రులపై నిజముగా నడచుచున్నవో లేదో క్షణములో గుర్తించును. భావనపాడు తీరమున వల వేయు మత్స్యకారునికి సముద్రపు సన్నివేశములోని సత్యాసత్యములు తెలియును. వీరెవ్వరును విమర్శకులమని చెప్పుకొనరు. అయినను తమకు తెలిసిన విషయమున వీరి మాటను మించిన తీర్పు లేదు. కావున ప్రేక్షకుడెవ్వడును తన అభిప్రాయము అల్పమని భావింపనక్కరలేదు; తనకు తెలిసిన దానిని పట్టుకొని మాటలాడిన చాలును.

ప్రేక్షకుని ఆదరమునకు గల బలమును గ్రహించుటకు విజయనగరమే మంచి నిదర్శనము. 1892 లో ఆ పట్టణమున జగన్నాథ విలాసినీ నాటక సమాజమువారు గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము'ను ప్రదర్శించిరి. తెలుగు భాష రంగస్థలమునకు తగినది కాదను దురభిప్రాయము ఆ కాలమున వ్యాపించియుండెను. సంఘ సంస్కారమునకు తోడ్పడుటతోపాటు, ఆ దురభిప్రాయమును ఎదుర్కొనుటయు తమ ఉద్దేశమని అప్పారావుగారు పీఠికలో తెలిపిరి. వీథిలో వినబడు మాటలే రంగస్థలముపై వినబడగా చూచినవారు ఎంతయో ఆదరించిరి. ఆ విజయము తమకే ఆశ్చర్యము కలిగించినదని వారు వ్రాసికొనిరి.

ఆ ఆదరణకు హాస్యమొక్కటియే కారణము కాదు. విజయనగరము అప్పుడు విశాఖపట్టణము జిల్లాలోనిది. ఆ జిల్లాలో కన్యాశుల్కము పుచ్చుకొని జరిపిన వివాహముల పట్టికను ఆనంద గజపతి మహారాజు తయారు చేయించిరి. మూడు సంవత్సరములలో 1,034 వివాహములు లెక్కకు వచ్చినవి. వానిలో అయిదేండ్ల వధువులు 99 మంది. ఏడాది వయస్సు గల పసికందులు ముగ్గురు! లుబ్ధావధానులును, అగ్నిహోత్రావధానులును ఎక్కడివారో కారు. ఆ జిల్లా అగ్రహారములలో నిత్యము కనబడువారే. ప్రేక్షకులు తమ యింటి సంగతినే రంగస్థలముపై చూచిరి. అది సత్యమని గుర్తించిరి. 1897 లో ఆ నాటకము పుస్తకరూపమున వెలువడినది. 1909 లో అప్పారావుగారు దానిని క్రొత్త నాటకమనదగినంతగా పెంచి, మధురవాణి పాత్రను విస్తరింపజేసి, మరల ప్రకటించిరి. వాడుక భాష రంగస్థలమున నిలువదన్న మాటకు సమాధానము చెప్పినవారిలో రచయిత మొదటివాడైనచో, మెచ్చి చూచిన ప్రేక్షకులు రెండవవారు.

చలనచిత్రముల చరిత్రలోను ఇట్టి దృష్టాంతములు కలవు. 1980 లో కె. విశ్వనాథ్ దర్శకత్వమున వెలువడిన 'శంకరాభరణము' తొలి దినములలో ఖాళీ కుర్చీల యెదుట ఆడినది. అందు పేరు మోసిన కథానాయకుడు లేడు. శంకరశాస్త్రి పాత్రను ధరించిన జె.వి. సోమయాజులు శ్రీకాకుళము జిల్లా లుకలాము అగ్రహారమున జన్మించినవారు. ప్రభుత్వోద్యోగము చేయుచు, సోదరుడు రమణమూర్తితో కలిసి కన్యాశుల్కము నాటకమును ప్రదర్శించినవారు. చిత్రమును చూచిన కొలదిమందియు ఊరకుండలేదు. ఇరుగుపొరుగువారికి చెప్పిరి, బంధువులను వెంటబెట్టుకొని మరల వెళ్ళిరి. కొలది దినములలోనే ప్రదర్శనశాలలు నిండిపోయినవి. ఏ ప్రకటనయు చేయలేని పనిని చూచినవారి మాట చేసినది.

టెలివిజను మన దేశమున వ్యాపించిన తొలినాళ్ళలో చూచువారి మాటకు గౌరవముండెను. 1975 ఆగష్టు నుండి 1976 జూలై వరకు 'సైట్' అను ఉపగ్రహ బోధన ప్రయోగము జరిగినది. ఆంధ్ర ప్రదేశముతో సహా ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములలో, ఊరంతటికి ఒక టెలివిజను చొప్పున అమర్చిరి. గ్రామస్థులు కార్యక్రమములను ఎట్లు గ్రహించుచున్నారో తెలిసికొనుటకు కొందరు పరిశోధకులు పల్లెలలోనే నివసించిరి. 1984-85 సంవత్సరములలో దూరదర్శన్ ప్రసారము చేసిన 'హమ్ లోగ్' అను హిందీ సీరియలునకు నాలుగు లక్షలకు పైగా ఉత్తరములు వచ్చినవి. ప్రతి భాగము చివరను నటుడు అశోక్ కుమార్ కనబడి, కథలోని సమస్యను గూర్చి ముచ్చటించి, ప్రేక్షకుల ఉత్తరములను ప్రస్తావించెడివారు. 1987 లో ప్రారంభమైన 'రామాయణ్' తొలుత 52 భాగములుగా నిర్ణయింపబడినను, జనాదరణచేత 78 భాగములైనది. అది ఉత్తరకాండ కథ లేకుండ ముగియునని తెలిసి, వాల్మీకిని తమ కులగురువుగా కొలుచు జలంధర్ పారిశుద్ధ్య కార్మికులు 1988 లో సమ్మె చేసిరి. పిదప లవకుశుల కథయు టెలివిజనులో వచ్చినది. సమ్మె చేయుట తగునా యను ప్రశ్న వేరు. కథ తమదని భావించినవారు మౌనముగా నుండలేదన్నది ఇక్కడ గ్రహింపదగిన విషయము.

నేడు ఉత్తరములకు బదులు అంకెలు వచ్చినవి. ఎంపిక చేసిన కొన్ని వేల ఇండ్లలో మీటర్లనమర్చి, ఏ కార్యక్రమమును ఎందరు ఎంతసేపు చూచుచున్నారో లెక్కింతురు. ఆ లెక్కనుబట్టియే ప్రకటనల ధరలును, సీరియళ్ళ ఆయుర్దాయమును నిర్ణయమగును. అంకెలు అవసరమే. కాని మీటరునకు తెలిసినది ఎందరు ఎంతసేపు చూచిరన్న సంగతి మాత్రమే. ఎదుట కూర్చున్న తల్లి ఆనందించినదో, అసహ్యించుకొనినదో, పగటి పని అలసటచేత కునుకు తీసినదో దానికి తెలియదు. అత్త కోడలిని హింసించు సన్నివేశమును ఏవగించుకొనుచునే చూచినవారిని గూడ అది మెచ్చినవారి జాబితాలోనే చేర్చును. ప్రేక్షకుడు నోరు విప్పనిచో అతని పక్షమున మీటరే మాటలాడును. నోరు విప్పవలసిన అవసరము నేడే ఎక్కువ.

ఇందులో శ్రీకాకుళము, విజయనగరము విద్యార్థులకు ప్రత్యేకముగా సంబంధించిన విషయమొకటి కలదు. చలనచిత్రములలోను, టెలివిజను కార్యక్రమములలోను ఈ ప్రాంతపు యాసను తరచుగా ఎవరి నోట వినుచున్నాము? పనివాని నోట, కావలివాని నోట, తెలివితక్కువ హాస్యగాని నోట! కథానాయకుడును, న్యాయాధిపతియు, వైద్యుడును మరొక విధముగా మాటలాడుదురు. "ఏటి" యన్నంతనే నవ్వు, "నాను" అన్నంతనే నవ్వు. ఆ పాత్ర చేసిన పనిలో హాస్యముండనక్కరలేదు. పలికిన తీరే హాస్యముగా భావింపబడుచున్నది. మొదట ఈ ప్రాంతపు బాలుడును అందరితోపాటు నవ్వును. క్రమముగా తన యింటి మాటను నలుగురిలో పలుకుటకు సిగ్గుపడును. తుదకు బడికి వచ్చిన తల్లి తోటివారి యెదుట మాటలాడినచో తల వంచుకొనును. ఇది వినోదము కాదు. ఒక బిడ్డకును తల్లికిని నడుమ గోడ కట్టుట.

హాస్యము కూడదనుట కాదు. కన్యాశుల్కమును మించిన హాస్యము తెలుగున అరుదు. కాని అక్కడ నవ్వు పుట్టినది యాసనుండి కాదు. గిరీశము డంబమునుండి, లుబ్ధావధానుల పిసినారితనమునుండి, రామప్ప పంతులు కుటిలత్వమునుండి పుట్టినది. ఆ నాటకమున మూర్ఖుడును, మోసగాడును, చతురురాలైన మధురవాణియు, సజ్జనుడైన సౌజన్యారావు పంతులును తమ తమ తీరున ఈ గడ్డ వాడుక భాషనే పలుకుదురు. వివేకమునకు ఒక భాషయు, అవివేకమునకు మరొక భాషయు అందు లేవు. ప్రజల పలుకుబడికి గౌరవము కలిగించుటకు జీవితమంతయు పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు శ్రీకాకుళము సమీపమున పర్వతాలపేటలో 1863 ఆగష్టు 29న జన్మించినవారు. వారి జన్మదినమునే తెలుగు భాషా దినోత్సవముగా జరుపుచున్నారు. విజయనగరమున చాగంటి సోమయాజులు, శ్రీకాకుళమున కాళీపట్నం రామారావు ఇక్కడి జీవితమును, ఇక్కడి పలుకును ఉత్తమ కథలుగా మలచిరి. ఇట్టి సంపద గలవారు తమ మాటను ఇతరులు చులకన చేయుచుండగా మౌనముగా చూచుట తగదు. ఏ కార్యక్రమములో, ఏ సన్నివేశమున, ఏ మాట తమకు నొప్పి కలిగించినదో నిర్భయముగా చెప్పవలెను. అట్లే ఈ ప్రాంతపు జీవితమును సత్యముగా చూపిన కార్యక్రమము వచ్చినపుడు మనసారా ప్రశంసింపవలెను. దోషమును చెప్పు నాలుకకు గుణమును చెప్పుటయు తెలిసియుండవలెను.

అభిప్రాయము చెప్పుటకు మర్యాద కలదు. చూడని దానిని గూర్చి తీర్పు చెప్పరాదు; ఒక తునకను చూచి సమస్తమును చూచినట్లు పలుకరాదు. పాత్రను నటునిగా భ్రమింపరాదు. దుష్టపాత్రను చక్కగా పోషించిన నటిని తిట్టుచు సెల్ ఫోనులో సందేశములు పంపుట ఆమె ప్రతిభను శిక్షించుట యగును. పేరు దాచుకొని పలుకు పరుషవాక్యము అభిప్రాయము కాదు. చీకటిలో విసరిన రాయి. పాటల పోటీలలో ఊరివాడని, కులమువాడని ఓటు వేయుట పాటకు ద్రోహము చేయుటయే. 1996 లో ప్రారంభమైన 'పాడుతా తీయగా' కార్యక్రమమున ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యము పిల్లల పాటలను పరీక్షించిన తీరు ఇందుకు ఆదర్శము. ముందు బాగున్న భాగమును మెచ్చుకొని, తప్పిన స్వరమును తాము పాడి చూపి, సరిదిద్దెడివారు. విన్న బిడ్డకు తప్పు తెలిసెడిది. మనస్సు మాత్రము విరిగెడిది కాదు.

తోటివారితో చెప్పుకొనుటతో తృప్తి చెందనివారికి మరొక మార్గము కలదు. కేబుల్ టెలివిజను నియమములకు 2021 లో చేసిన సవరణ ననుసరించి, ఏ ప్రేక్షకుడైనను అభ్యంతరకరమని తోచిన కార్యక్రమమును గూర్చి ఆ చానలుకే వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేయవచ్చును. చానలువారు 15 దినములలో తమ నిర్ణయమును తెలుపవలెను. తృప్తి కలుగనిచో ప్రసార సంస్థల స్వీయ నియంత్రణ మండలికి అప్పీలు చేసికొనవచ్చును. కార్యక్రమము పేరు, తేది, సమయము, సన్నివేశము, అభ్యంతరమునకు కారణము స్పష్టముగా వ్రాయవలెను. బడిలో నేర్చిన లేఖారచనకు ఇంతకంటె మంచి వినియోగమేమి?

మంచి చెడ్డలు తెలిసిన ప్రేక్షకులున్నచోట మంచి ఆట పుట్టును. ఏది చూపినను చూచువారున్నచోట ఏదో యొకటి చూపుదురు. ఒకప్పుడు విజయనగర ప్రేక్షకులు తమ భాషలోని నాటకమును తమదిగా స్వీకరించి తెలుగు సాహిత్యమునకు మేలు చేసిరి. ఆ గడ్డపై చదువుకొను బాలబాలికలు, ఇకమీదట "బాగున్నది", "బాగులేదు" అను మాటలకడ ఆగక, "ఎందుచేత?" అను ప్రశ్నను తమకు తామే వేసికొందురు గాక. ఆ ప్రశ్నకు చెప్పుకొను సమాధానమే ప్రేక్షకుని మాట.